ఏరువాకకు ముందు ఎద్దు బేరము: బేస్‌బాలు ఆటలో అనుభవజ్ఞుడగు పిచ్చరు ఎన్నిక

ఏరువాక దగ్గఱపడినది. తొలకరి చినుకు నేలను తడిపినది. ఇంతలో రైతు కాడియెద్దులలో ఒకటి కుంటుపడినది. పెరటిలో రెండు కోడెదూడలు కలవు. కొన్నియేండ్లు గడచినచో అవి ఊరెల్ల మెచ్చు ఎద్దులు కాగలవు; నేడు మాత్రము కాడి మోయజాలవు. సంతకు ఒక ముదురు ఎద్దు అమ్మకమునకు వచ్చినది. అది చాలు తప్పదు, పిలుపు ఎఱుగును, దేనికిని బెదరదు. కాని దాని యజమాని రొక్కము వలదనుచున్నాడు, కోడెదూడనే అడుగుచున్నాడు. ఆలోచించుటకు వ్యవధి లేదు. అదను దాటిన పిమ్మట ఎంత మేలిజాతి ఎద్దు దొరకినను ఆ యేటికి పంట లేదు.

దూడ నిచ్చి ఎద్దును తెచ్చుకొనుట వివేకమా, అవివేకమా? ఈ ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు చెప్పగలవారు లేరు. సరిగా ఇట్టి ప్రశ్నయే అమెరికా దేశమున బేస్‌బాలు జట్ల యజమానులకు ప్రతి సంవత్సరము జూలై మాసాంతమున ఎదురగుచుండును. మన ప్రాంతమునుండి ఆ దేశమునకు వెళ్లిన బంధువులు ఆ ఆటను గూర్చి చెప్పగా మన విద్యార్థులు వినుచునే యున్నారు. గడచిన సంక్రాంతికి ముందు మన పాఠశాల క్రికెట్టు జట్టునకును ఇదే చిక్కు వచ్చిపడినది. ఆ సంగతి చివర చెప్పుదుము. ముందుగా ఆ దూరదేశపు ఆటలో ఈ బేరము ఎట్లు సాగునో, ఏయే విషయములు చూచి అనుభవజ్ఞుని ఎన్నుకొందురో వివరింతుము.

ఆట స్వరూపము

బేస్‌బాలులో జట్టునకు తొమ్మండుగురు. బంతి విసరువానిని పిచ్చరు అందురు. అతడు 60 అడుగుల 6 అంగుళముల దూరమునుండి బంతిని నేలకు తాకనీయక నేరుగా విసరును. క్రికెట్టులోవలె మోచేయి నిటారుగా నుంచవలెనను నియమము లేదు. కొట్టువాడు మూడుమాఱులు తప్పినచో వెడలిపోవలెను. పిచ్చరు నాలుగుమాఱులు గురి తప్పి విసరినచో కొట్టువానికి ఒక స్థానము ఉచితముగా లభించును. ప్రతి జట్టునకును తొమ్మిది ఇన్నింగ్సులు.

ఆట ఆరంభమున బంతి నందుకొనువాడు స్టార్టింగు పిచ్చరు. అతడు సాధారణముగా ఐదాఱు ఇన్నింగ్సులు, అనగా ఇంచుమించు తొంబది నుండి నూఱు బంతుల వఱకు విసరి, మిగిలినది ఇతరులకు అప్పగించును. అంత వేగముతో విసరిన చేతికి విశ్రాంతి యవసరము. కావున ఒక దినము విసరినవాడు మఱి నాలుగైదు దినములు విసరడు. ఇందుచేత ప్రతి జట్టును ఐదుగురు స్టార్టింగు పిచ్చర్లను వంతుల చొప్పున నడపుచుండును. అమెరికాలోని ప్రధాన పోటీలలో 30 జట్లు కలవు. ఒక్కొక్క జట్టు సంవత్సరమునకు 162 ఆటలు ఆడును. ఏప్రిలు మొదలు సెప్టెంబరు వఱకు దాదాపు దినదినమును ఆటయే. ఇంత దీర్ఘమగు ప్రయాణమున ఐదుగురిలో ఒకరిద్దఱు గాయపడుటయో, అలసిపోవుటయో తప్పదు. అప్పుడే యజమాని సంతవైపు చూచును.

గడువు ఏల కలిగినది?

1922వ సంవత్సరమున న్యూయార్కు యాంకీలు జూలై చివరి దినములలో బోస్టను జట్టునుండి జో డూగన్ అను ఆటగానిని తెచ్చుకొనిరి. వారితో పోటీలో నున్న సెయింట్ లూయిస్ జట్టువారు, ధనవంతులు నడుమలో ఆటగాండ్రను కొనుక్కొన్నచో పేదజట్ల గతి యేమని మొఱపెట్టిరి. ఆ మీదట 1923 నుండి జూన్ 15వ తేదీ గడువుగా ఏర్పడినది. 1986లో దానిని జూలై 31కి మార్చిరి. ఆ పిమ్మటను ఆగస్టు మాసమంతయు మఱియొక చుట్టుదారి తెఱచియుండెను; 2019లో దానిని మూసివేసిరి. నేడు జూలై చివరనో, ఆగస్టు తొలిదినములలోనో వచ్చు ఆ ఒక్క తేదీయే కడపటి గడువు.

గడువు వలన న్యాయము కొంత కలిగినను, తొందరపాటును దాని వెంటనే వచ్చినది. కొనువాని యవసరము అమ్మువానికి తెలియును. సంతలో సాయంకాలపు బేరము ఎట్లుండునో మన పెద్దలకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

మొదటి ప్రశ్న: మనకు నిజముగా అవసరమా?

విద్యార్థులు పలకయు బలపమును తీసికొందురుగాక. గడువు నాటికి మిగిలియున్నవి రెండు మాసములు. ఐదు దినములకు ఒకమాఱు విసరు పిచ్చరు ఆ వ్యవధిలో 11 లేక 12 ఆటలు ఆరంభించును. ఒక్కొక్కదానిలో 6 ఇన్నింగ్సుల చొప్పున 72 ఇన్నింగ్సులు. ఇది 9 ఇన్నింగ్సుల పూర్తి ఆటలుగా లెక్కించిన 8 ఆటలతో సమానము. మన వద్దనున్న సామాన్యుడు పూర్తి ఆటకు 5 పరుగులు ఇచ్చునని యనుకొందము. క్రొత్తగా వచ్చు మేటి 3 పరుగులు ఇచ్చును. తేడా ఆటకు 2 పరుగులు. ఎనిమిది ఆటలకు 16 పరుగులు. ఆ యాటలో ఇంచుమించు పది పరుగుల ఆధిక్యము ఒక గెలుపుతో సమానమని లెక్కలవారు తేల్చియున్నారు. అనగా ఇంత హడావుడియు, ఇంత మూల్యమును ఒకటి లేక రెండు గెలుపుల కొఱకు!

కావున పది ఆటలు వెనుకబడిన జట్టు పిచ్చరును కొనుట ఎండిపోయిన చేనికి ఏతము ఎత్తుట వంటిది. ఎంతో ముందున్న జట్టునకును గమ్యము చేరుటకు అతడు అవసరము లేదు. ఒకటి రెండు ఆటల తేడాలో ఊగిసలాడు జట్టునకే ఆ రెండు గెలుపులు ప్రాణప్రదము. ఐతే మఱియొక విషయము కలదు. అక్టోబరు మాసపు తుదిపోటీలలో విరామదినములు ఎక్కువ. అందుచేత ముగ్గురు నలుగురు పిచ్చర్లతోనే నడపవచ్చును. అక్కడ మేటివాని వంతు తఱచుగా వచ్చును. ముందున్న జట్లు సైతము గడువునాడు బేరమునకు దిగుటకు ఇదియే కారణము.

రెండవ ప్రశ్న: ఏ అంకెలను నమ్మవలెను?

పిచ్చరు ఎన్ని ఆటలు గెలిచెనని చూచుట పాతకాలపు పద్ధతి. అది మోసము చేయును. 1987లో హ్యూస్టను జట్టునకు ఆడిన నోలన్ రయాన్ అప్పటికి నలువది యేండ్లవాడు. ఆ యేడు అతడు తన లీగులో అందఱికంటె తక్కువ సగటున పరుగులిచ్చెను. 270 మందిని తానే స్వయముగా వెడలగొట్టెను. ఐనను అతని లెక్కలో గెలుపులు 8, ఓటములు 16! తోటివారు పరుగులు తీయనిచో విసరువాడు ఎంత గొప్పవాడైననేమి?

తొమ్మిది ఇన్నింగ్సులకు ఎన్ని పరుగులిచ్చెనను సగటు అంతకంటె మేలు. 100 ఇన్నింగ్సులలో 40 పరుగులిచ్చినచో, 40ని 9తో హెచ్చవేసి 100తో భాగించగా 3.60 వచ్చును. కాని ఇందులోను తోటి ఆటగాండ్ర చేతివాటము కలసియుండును. బంతిని పట్టువారు చుఱుకైనవారైనచో సగటు తగ్గును, మందకొడులైనచో పెరుగును. 2001లో వోరోస్ మెక్‌క్రాకెన్ అను పరిశీలకుడు ఈ విషయమును విడమరచి, కొట్టినబంతి పట్టుబడుటయా, తప్పిపోవుటయా యనునది చాలవఱకు పిచ్చరు చేతిలో లేదని వాదించెను. ఆనాటినుండి జట్లవారు మూడింటిని ప్రధానముగా చూచుచున్నారు: తానే వెడలగొట్టినవారెందఱు, ఉచితముగా స్థానమిచ్చినదెందఱికి, మైదానము దాటించిన దెబ్బలెన్ని. ఈ మూడును ఇతరుల సాయము లేనివి. మన క్రికెట్టులోను జాఱవిడిచిన క్యాచి బౌలరు తప్పు కాదుగదా!

వయస్సు మీఱినవాని విషయమున ఇంకొకటి చూడవలెను. ముప్పది దాటిన పిమ్మట బంతి వేగము క్రమముగా తఱుగును. వేగము తఱిగినను నేర్పుతో నెగ్గుకొనివచ్చువాడు ఒకడు. వేగము పోగానే చతికిలబడువాడు మఱియొకడు. గోపాలపూర్ తీరమున కండబలము గల పడుచువారెందఱున్నను, అలలు విఱుగు చోట పడవను దాటించునప్పుడు అనుభవముగల తండేలు మాటయే విందురు. బేస్‌బాలులో జేమీ మోయరు అట్టి తండేలు. అతని బంతి వేగము ఎన్నడును గొప్పది కాదు. 2006 ఆగస్టులో ఫిలడెల్ఫియా జట్టు అతనిని తెచ్చుకొన్నప్పుడు అతని వయస్సు 43. రెండేండ్ల తరువాత, 2008లో, ఆ జట్టు ప్రపంచ విజేతగా నిలిచిన యేట అతడు 16 ఆటలు గెలిచెను. 2012లో 49 యేండ్ల వయస్సున ఒక ఆట గెలిచి, అంత పెద్దవయస్సున గెలిచిన పిచ్చరు మఱియొకడు లేడనిపించుకొనెను.

మూడవ ప్రశ్న: చేయి ఎట్లున్నది?

ఎద్దును కొనువాడు పండ్లు చూచును, నడిపించి చూచును, గిట్టలెత్తి చూచును. పిచ్చరు విషయమున చూడవలసినవి భుజము, మోచేయి. మానవుని చేయి అంత వేగముతో వేలమాఱులు విసరుటకు ఏర్పడినది కాదు. మోచేయి లోపలివైపున నుండు స్నాయువు తెగుట పిచ్చర్లకు పెద్దగండము. 1974 సెప్టెంబరు 25న డాక్టరు ఫ్రాంక్ జోబ్, టామీ జాన్ అను పిచ్చరునకు వేఱొక చోటి స్నాయువును తీసి మోచేతిలో అతికించెను. అంతకుముందు అట్టి గాయమైనవాడు ఆట మానుకొనవలసినదే. టామీ జాన్ 1976లో తిరిగి వచ్చి 1989 వఱకు ఆడెను. అతడు తన జీవితమున గెలిచిన 288 ఆటలలో 164 ఆ శస్త్రచికిత్స పిమ్మట గెలిచినవే. నేటికిని ఆ చికిత్సకు అతని పేరే నిలిచియున్నది.

ఈ సందర్భమున మనవారికి ఆసక్తి కలిగించు పేరొకటి చెప్పవలెను. కుమార్ రాకర్ అను యువ పిచ్చరు తల్లివైపు తాతయు, అమ్మమ్మయు ఆంధ్రదేశమునుండి అమెరికాకు వలసవెళ్లినవారు. 2021లో న్యూయార్కు మెట్స్ జట్టు అతనిని పదవవానిగా ఎన్నుకొనెను. కాని వైద్యపరీక్ష పిమ్మట వారు వెనుకంజ వేసిరి, ఒడంబడిక జరుగలేదు. మఱుసటియేడు టెక్సాస్ రేంజర్స్ అతనిని మూడవవానిగా తీసికొనిరి. 2023లో అతనికి టామీ జాన్ చికిత్స జరిగినది. ఎట్టకేలకు 2024 సెప్టెంబరున ప్రధాన పోటీలలో అడుగుపెట్టెను. ఇరువదిమూడేండ్లు దాటినవాని చేతికే ఇంత కథ యున్నప్పుడు, పదునైదేండ్లు విసరి వచ్చినవాని చేతిని ఎంత జాగ్రత్తగా పరీక్షింపవలయునో ఊహించుకొనుడు. గడువునాటి రాత్రి ఎంత తొందరలోనైనను, వైద్యుని మాట వినక చేసిన బేరము బేరము కాదు.

నాలుగవ ప్రశ్న: ఏమి ఇచ్చుచున్నాము?

ఇప్పుడు కోడెదూడ కథకు వత్తము. 1987 ఆగస్టులో డెట్రాయిట్ టైగర్స్ జట్టు టొరంటో జట్టుతో హోరాహోరీగా పోరాడుచుండెను. వారు అట్లాంటానుండి డోయిల్ అలెగ్జాండరు అను 36 యేండ్ల పిచ్చరును తెచ్చుకొనిరి. అతడు 11 ఆటలు ఆరంభించి, తొమ్మిది గెలిచి, ఒక్కటియు ఓడలేదు. పరుగుల సగటు 1.53. టైగర్స్ జట్టు టొరంటో కంటె సరిగా రెండు ఆటల ఆధిక్యముతో తన విభాగమున అగ్రస్థానమున నిలిచెను. మనము పైన వేసిన లెక్క జ్ఞాపకమున్నదిగదా? ఆ పిచ్చరు లేనిచో ఆ రెండు ఆటలు లేవు. కొనుట సఫలమైనది.

ఐతే అతనికి బదులుగా ఇచ్చినదెవరిని? జాన్ స్మోల్ట్జ్ అను 20 యేండ్ల కుఱ్ఱవానిని. అతడు ఆ మిషిగన్ రాష్ట్రపు బిడ్డయే. అప్పటికి చిన్న పోటీలలోనే ఆడుచుండెను. తరువాతి కాలమున అతడు అట్లాంటాకు 1995లో ప్రపంచ విజయము సాధించిన జట్టులో ఒకడయ్యెను. 1996లో తన లీగున ఉత్తమ పిచ్చరుగా బహుమతి పొందెను. మొత్తము 213 గెలుపులు, 154 ఆటల ముగింపు రక్షణలు సంపాదించెను. 2015లో ఆ క్రీడకు సంబంధించిన కీర్తిమందిరమున స్థానము పొందెను. టైగర్స్ మాత్రము 1987 తుదిపోటీలలో మిన్నెసోటా చేతిలో ఓడిపోయిరి; అందు రెండు ఓటములు అలెగ్జాండరువే. ఒక శరత్కాలపు సంతోషమునకు ఇరువదియేండ్ల పంటను వెలగా ఇచ్చినట్లయినది.

1998 జూలై 31న హ్యూస్టను జట్టు 34 యేండ్ల రాండీ జాన్సన్‌ను సియాటిల్‌నుండి తెచ్చుకొనెను. అతడు 10 గెలిచి ఒక్కటి ఓడెను, సగటు 1.28. కాని తుదిపోటీల తొలి మజిలీలోనే ఆ జట్టు శాన్ డియేగో చేతిలో ఓడినది. అతడు విసరిన రెండు ఆటలును పోయినవి. ఆ యేడు గడువగనే అతడు వేఱొక జట్టునకు వెళ్లిపోయెను. సియాటిల్‌కు దక్కిన ముగ్గురు యువకులలో ఫ్రెడ్డీ గార్సియా, కార్లోస్ గియెన్ అనువారు 2001లో 116 ఆటలు గెలిచిన జట్టునకు మూలస్తంభములైరి.

ఇట్లని ప్రతి బేరమును చెడ్డదే యనరాదు. 2017 ఆగస్టు 31 అర్ధరాత్రికి కొలది క్షణముల ముందు అదే హ్యూస్టను జట్టు, 34 యేండ్ల జస్టిన్ వెర్లాండరును డెట్రాయిట్‌నుండి తెచ్చుకొనెను. మిగిలిన నెలలో అతడు ఐదు ఆటలు ఆరంభించి ఐదును గెలిచెను, సగటు 1.06. తుదిపోటీలలోను రాణించెను, ఆ జట్టు తొలిసారి ప్రపంచ విజేతయయ్యెను. బదులుగా ముగ్గురు యువకుల నిచ్చిరి. వారిలో స్మోల్ట్జ్ వంటివాడు వెలువడలేదు. ఐతే ఆ యేడు ఆ జట్టు ప్రత్యర్థుల సంజ్ఞలను కెమెరాతో దొంగచాటుగా తెలిసికొనెనని పిమ్మట బయటపడి, 2020లో శిక్ష పడినది. పిచ్చరు ఎన్నిక చక్కనిదే. గెలుపునకు మచ్చ మాత్రము మఱియొక దారిన వచ్చినది.

ఐదవ ప్రశ్న: అతడు ఎంతకాలముండును, ఇష్టపడి వచ్చునా?

కొందఱు పిచ్చర్ల ఒడంబడిక ఆ యేటితో ముగియును. అట్టివాడు అద్దెయెద్దు. మఱికొందఱికి ఇంకను రెండు మూడేండ్లు మిగిలియుండును, వెల హెచ్చు. ప్రధాన పోటీలలో పదేండ్లు ఆడి, అందు చివరి ఐదేండ్లును ఒకే జట్టున నున్నవాడు తన సమ్మతి లేనిదే మఱియొక చోటికి పంపబడరాదను హక్కు కలదు. వెర్లాండరు విషయమున అతని సమ్మతి కొఱకే కడపటి నిమిషము వఱకు వేచియుండవలసివచ్చినది. ఎద్దునకును మానవునికిని భేదమిక్కడనే. ఎద్దును అడుగనక్కఱలేదు, మనుష్యుని అడుగవలెను.

హైదరాబాదు ఉదాహరణము

దూరదేశపు మాట లేల? మన తెలుగువారి రాజధానియందే దీనికి దగ్గఱి సంగతి యొకటి జరిగినది. 2016 ఫిబ్రవరిలో జరిగిన ఐ.పి.ఎల్. వేలములో హైదరాబాదు సన్‌రైజర్స్ జట్టు, ఎడమచేతి వేగపు బౌలరు ఆశిష్ నెహ్రాను 5 కోట్ల 50 లక్షల రూపాయలకు కొనెను. అప్పటికి అతనికి 37వ యేడు నడుచుచుండెను. శస్త్రచికిత్సలు పెక్కు చేయించుకొన్న శరీరము. కాని అంతకుముందటి యేడు చెన్నై జట్టున అతడు 22 వికెట్లు తీసియుండెను. ఆ జట్టుపై నిషేధము పడుటచేత అతడు వేలమునకు వచ్చెను.

పిమ్మట జరిగినదేమి? వైద్యులు భయపడునదే జరిగినది. మే మాసపు నడుమ నెహ్రా తొడకండరము గాయపడెను; చివరి దశ ఆటలలో అతడు లేడు. ఐనను హైదరాబాదు కూలిపోలేదు. ఏలయనగా వారు అతనిని కొనుటకై తమ యువకులను వదలుకొనలేదు. భువనేశ్వర్ కుమార్ 23 వికెట్లతో పోటీలన్నిటిలో ప్రథముడయ్యెను. ఇరువది యేండ్ల ముస్తఫిజుర్ రహ్మాన్ 17 వికెట్లు తీసెను. మే 29న బెంగుళూరులో జరిగిన తుది ఆటలో హైదరాబాదు 208 పరుగులు చేయగా, బెంగుళూరు జట్టు 200 వద్ద ఆగిపోయినది. ఎనిమిది పరుగుల గెలుపు! పెద్దవాడు గాయపడి ప్రక్కకు తొలగినను పిన్నలు బరువు మోసిరి. పెద్దవానిని తెచ్చుకొనునప్పుడు పిన్నలను నిలుపుకొనుట యెంత మేలో దీనివలన తెలియుచున్నది.

మన పాఠశాల సంగతి

ఇక ముందు చెప్పిన మాట. గడచిన సంక్రాంతి పోటీలలో మన బాలుర జట్టు చివరి నాలుగు జట్లలో ఒకటిగా నిలిచినది. ఆటగాండ్ర పట్టిక ఇచ్చుటకు మూడు దినములు మిగిలినవి. బయటివాడొకడు ఆడుటకు నియమములు ఒప్పుకొనును. బరంపురమున ఉద్యోగము చేయుచున్న పూర్వవిద్యార్థి యొకడు కలడు. ముప్పది దాటినవాడు, మంచి బౌలరు. అతడు వచ్చినచో తొమ్మిదవ తరగతి బాలుడొకడు, అంతవఱకు అన్ని ఆటలలోను బంతి వేసినవాడు, పట్టికనుండి తొలగవలెను.

తలిదండ్రులలోను రెండభిప్రాయములు వచ్చినవి. ఒకరు ఇట్లనిరి: "గెలిచినచో మన తెలుగు బడి పేరు నలుగురికి తెలియును, వచ్చే యేడు నలుగురు పిల్లలు అధికముగా చేరుదురు." ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. తరగతికి కొలదిమందియే యున్న బడికి నలుగురు పిల్లలనిన చిన్న సంగతి కాదు. మఱియొకరు, ఆ బాలుని తండ్రి కారు, ఇట్లనిరి: "ఓటమిని పిల్లవాడు రెండుదినములలో మఱచును. పేరు కొట్టివేసినది మఱవడు."

మేము తీర్పు చెప్పలేదు. ఈ ఐదు ప్రశ్నలనే నల్లబల్లపై వ్రాసి, బాలురనే జవాబులు వ్రాయుడంటిమి. అవసరమా? అవును, మన బౌలింగు బలహీనము. అంకెలు? పెద్దవాడు మేలు. శరీరము? ఆయనకు మోకాలినొప్పి కలదు. ఎంతకాలము? గెలిచినచో రెండాటలు, లేనిచో ఒక్కటి. వెల? ఇక్కడ గదిలో మాట ఆగిపోయినది. చివరకు జట్టునాయకుడు, చిన్నవానినే ఆడింతము, పెద్దవానిని మూడు సాయంకాలములు వచ్చి నేర్పుమని అడుగుదము అని ప్రతిపాదించెను. అందఱును అంగీకరించిరి. ఆయనయు ఆనందముగా వచ్చి, వేగము తగ్గించి మోసపుచ్చు బంతిని నేర్పెను.

ఆట ఓడితిమి. చివరి ఓవరున ఆ బాలుడే పదునాలుగు పరుగులిచ్చెను. పెద్దవాడు ఆడియున్నచో గెలిచియుండెడివారమా? గెలిచియుండవచ్చును. ఆ నిర్ణయము తప్పనువారు నేటికిని కలరు. వారి మాట కొట్టివేయదగినది కాదు. పేరు నిలుపుకొను అవకాశము ఒకటి చేజాఱినమాట నిజము. ఆ బాలుడు మఱునాడు బడికి రాలేదు. మూడవనాడు వచ్చెను, సాయంకాలము తడియారని ఇసుకలో ఆ నెమ్మది బంతినే వేసికొనుచు కనబడెను.

ముగింపు

విద్యార్థులారా, అనుభవమునకు వెల లేదని పెద్దలందురు. బేరము వచ్చినప్పుడు మాత్రము దానికి వెల యుండును; ఆ వెల తఱచుగా ఇంకను పేరు తెలియని యొక కుఱ్ఱవాని రూపమున నుండును. పెద్ద జట్లు ధనికములు. ఒక దూడ పోయినచో పది కొనగలవు. ఐనను డెట్రాయిట్‌వారు స్మోల్ట్జ్ పేరును నేటికిని మఱువలేదు. రెండే దూడలున్న పెరడు మనది. అనుభవజ్ఞుని తప్పక పిలువుడు, గౌరవింపుడు, ఆయనవద్ద నేర్చుకొనుడు. అవసరము నిజమై, వెల తగినదైనచో ఆడింపుడు కూడ. కాని గడువు ముంచుకొనివచ్చుచున్నదను తొందరలో, పెరటిలో కట్టివేసియున్నదానిని ఒకమాఱు తిరిగి చూడకుండ పలుపు విప్పి ఇయ్యకుడు.